మైకక్క గొంతుకు చోటు

పదకొండు గంటల ఐదు నిమిషాలకు మైకు గదిలోని కంప్యూటర్ ఇక చోటు లేదంది. అప్పటికి మైకక్క నూట నలభై మూడు ముక్కలు రికార్డు చేసింది. ఇంకా డెబ్బై ఒకటి మిగిలి ఉన్నాయి.

బస్టాండులో ఆమెను అందరూ మైకక్క అనే పిలుస్తారు. పంతొమ్మిదేళ్లుగా ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పేది ఆమే. మర్నాడు ఉదయం ఏడు గంటలకు ఆమె ఆసుపత్రిలో చేరాలి. స్వరపేటిక మీద గడ్డ ఉంది. ఎనిమిదిన్నరకు ఆపరేషను. తర్వాత రెండు నెలలు మాట్లాడకూడదు. ఆ తర్వాత ఏ గొంతు వస్తుందో వచ్చాకే చూడాలని డాక్టరు చెప్పింది. ఇవాళ్టికి మాత్రం రెండు గంటలు మాట్లాడడానికి ఒప్పుకుంది. అదీ రికార్డింగు కోసమే. మిగతాదంతా కాగితం మీద రాయమంది.

ముక్కలంటే ప్లాట్‌ఫారం అంకెలు, రూటు నంబర్లు, ఊళ్ల పేర్లు, ‘బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది’ లాంటి మాటలు. అన్నీ ఉంటే ఏ ప్రకటననైనా అతికించవచ్చు. మధ్యాహ్నం రెండు గంటల్లోపు రెండు వందల పద్నాలుగు ముక్కలూ కంప్యూటర్లో ఉంటే, సెలవు అయ్యాక మైకక్క ఇదే గదికి వచ్చి మీట నొక్కే పని చేస్తుంది. లేకపోతే రేపటి నుంచి హెడ్డాఫీసు వాళ్ల మిషను గొంతు మాట్లాడుతుంది, ఆమెను సామాన్ల గదికి పంపుతారు. ఉత్తర్వులో రెండూ రాసి ఉన్నాయి.

ఆమె గడియారం చూసింది. మాట్లాడినది డెబ్బై రెండు నిమిషాలు. మిగిలింది నలభై ఎనిమిది. ముక్కకు అర నిమిషం చొప్పున ముప్పై ఆరు నిమిషాలు కావాలి. గొంతు సరిపోతుంది. సరిపోనిది కంప్యూటరు.

అందులోని చెత్తబుట్ట ఖాళీ చేసింది. కొంచెం చోటు వచ్చింది. పది నిమిషాల్లో ఆ చోటును సిస్టమే ఏదో అప్‌డేట్ పేరు చెప్పి మింగేసింది. పెన్‌డ్రైవు పెట్టే రంధ్రాలను కంప్యూటర్ సెక్షను వాళ్లు వైరస్ భయంతో ఎప్పుడో మూసేశారు. ఫోనులో ఒక ఊరి పేరు చెప్పి విని చూసింది. అదీ ఆమె గొంతే, కానీ పక్కింటావిడ గొంతులా ఉంది. సగం బస్సులు ఒకరు, సగం బస్సులు ఇంకొకరు చెప్పినట్టు ఉంటుంది. ఫోను పక్కన పెట్టి సెక్షనుకు మెసేజ్ పంపింది.

వచ్చినాయన పేరు బ్యాకప్ బాబాయి. అదీ బస్టాండు పెట్టిన పేరే. రిటైరవడానికి రెండేళ్లుంది. మెట్లెక్కి, కాసేపు ఆయాసపడి, కళ్లజోడు పెట్టుకుని తెర చూశాడు.

“ఏం నిండింది తల్లీ?”

ఆమె మూడు ఫోల్డర్ల మీద వేలు పెట్టింది. పాతది-1. పాతది-2. పాతది-3. అన్నీ కలిపి నూట నలభై జీబీ. డిస్కు మొత్తం రెండు వందలు.

“ఇవా. నేను తీసినవే. సిస్టమ్ మార్చినప్పుడల్లా ముందు మొత్తం కాపీ తీసి పక్కన పెడతా.”

పాత ట్రిప్ షీట్ల వెనక ఆమె రాసి చూపించింది: ‘తీసేయండి.’

“అంత మాట అనకు.”

‘అనలేదు. రాశాను.’

బాబాయి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “దానికి ఉత్తర్వు కావాలి. పైకి ఉత్తరం పెడితే మూడు రోజుల్లో వస్తుంది.”

‘మూడు రోజులకు నా గొంతులో గొట్టం ఉంటుంది.’

ఆయన భయానికి కారణం డిపోలో అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ల కిందట అక్కర్లేదనుకుని ఒక ఫోల్డరు తీసేశాడు. అందులో ఆరు వందల నలభై మంది డ్రైవర్ల సెలవుల లెక్క ఉంది. మూడు నెలలు గ్యారేజీల వెంట తిరిగి, ఒక్కొక్కరినీ అడిగి, అందరి చేతా మాటలు పడి మళ్లీ రాశాడు. అప్పటి నుంచి ఏదీ తీయలేదు. తీయడానికి కావలసిన పాస్‌వర్డు మాత్రం ఆయన ఒక్కడి దగ్గరే ఉంది.

‘వీటిలో ఏముంది?’

“అన్నీ.”

‘అన్నీ అంటే?’

“అన్నీ అంటే అన్నీనే అమ్మాయ్. పాత సిస్టమ్ మొత్తం.”

ఆమె పాతది-3 తెరిచింది. అందులో పాతది-2 ఉంది. అది తెరిస్తే అందులో పాతది-1 ఉంది. బయటికి వచ్చి చూస్తే పాతది-2, పాతది-1 విడిగా కూడా ఉన్నాయి. కాగితం మీద డబ్బాలు గీసింది. మొదటిసారి కాపీ తీసినది ఇరవై జీబీ. రెండోసారి డిస్కు మొత్తం కాపీ తీస్తే మొదటి కాపీ కూడా అందులోకి వెళ్లింది, నలభై అయింది. మూడోసారి ఆ రెండూ వెళ్లాయి, ఎనభై అయింది. డబ్బాలన్నీ లెక్కపెట్టి కింద రాసింది: ‘ఒకటే సరుకు. ఏడు కాపీలు.’

బాబాయి వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. మళ్లీ వేసుకున్నాడు. “ఏడే” అన్నాడు. “కాస్త జాగ్రత్త ఎక్కువైనట్టుంది.”

‘ఏడింతలు.’

“నవ్వు నవ్వు. తీశాక దేనికో అది కావలసి వస్తే? తీసింది తిరిగి రాదు. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

మైకక్క కలం పట్టుకుని కిటికీలోంచి కిందికి చూసింది. కింద ఒక ప్లాట్‌ఫారం దగ్గర ఒక బోర్డు గోడవైపు తిప్పి ఉంది. ఎవరూ ఎక్కడం లేదనుకున్న ట్రిప్పును డిపో వాళ్లు ఒక్కసారిగా రద్దు చేయరు. వారం పాటు బోర్డు తిప్పి పెట్టి, ఎవరైనా వచ్చి అడుగుతారేమో చూస్తారు. అడిగితే మళ్లీ వేస్తారు. అడగకపోతే అప్పుడు రద్దు చేస్తారు.

ఆమె రాసింది: ‘తీయొద్దు. పేరు మార్చండి.’

“మారిస్తే ఏమవుతుంది? చోటు రాదు కదా.”

‘ఆ పేరుతో ఎవరు వెతికినా దొరకదు. దాంతో పనున్నవాళ్లు అరుస్తారు. అరిస్తే పాత పేరు పెట్టేద్దాం. అరవకపోతే అప్పుడు తీద్దాం.’

బాబాయి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. బోర్డు వైపు చూశాడు. “వారం లేదుగా మనకి.”

‘పది నిమిషాలు చాలు. అన్ని ప్రోగ్రాములూ తెరిచి చూద్దాం.’

పాస్‌వర్డు కొట్టాడు. మూడు పేర్లూ మార్చాడు. రూట్ల పట్టిక తెరిస్తే తెరుచుకుంది. రోజువారీ షీటు ప్రింటయింది. ప్రకటనల ప్రోగ్రాం తెరిస్తే అదీ వచ్చింది. పదకొండు గంటల నలభై నిమిషాలకు మెట్ల మీద బూట్ల చప్పుడయింది.

స్టాండు కంట్రోలర్ వచ్చాడు. ఉదయం నుంచి కింద కౌంటరులో మైకు పట్టుకున్నది ఆయనే.

“అక్కా, గంట ఏమైంది? నేను బటన్ నొక్కితే మోగట్లేదు. గంట లేకుండా నేను ఊరికే మాట్లాడితే ఒక్కడు తలెత్తితే ఒట్టు. ఎవరో దెబ్బలాడుకుంటున్నారనుకుంటున్నారు.”

బాబాయి లేచి నిలబడ్డాడు. “చూశావా. అరిచారు. అందుకే నేను తీయనంటా.”

‘అందుకే చూసి తీయాలి,’ అని రాసింది మైకక్క.

ప్రకటనకు ముందు మోగే గంట ఒక చిన్న ఫైలు. పోయినసారి సిస్టమ్ మార్చినప్పుడు అది ఎక్కడుందని బాబాయి వెతికితే కంప్యూటరు పాతది-3 లోపల పాతది-2 లోపల పాతది-1లో చూపించింది. ఆయన ప్రోగ్రాంకు ఆ చిరునామాయే ఇచ్చాడు. నాలుగేళ్లుగా బస్టాండంతా విన్న గంట ఆ మూడు డబ్బాల లోపలి నుంచే మోగింది.

“నేనే ఇచ్చాను” అన్నాడు బాబాయి. “ఆ రోజు తొందరలో ఉన్నాం.”

గంటను బయటికి కాపీ చేసి ప్రోగ్రాం పక్కనే పెట్టారు. చిరునామా మార్చారు. కంట్రోలర్ కిందికి వెళ్లి నొక్కాడు. మోగింది. మరో పది నిమిషాలు ముగ్గురూ ఉన్న ప్రతి బటన్నూ నొక్కారు. ఇంకెవరూ అరవలేదు.

బాబాయి మూడు ఫోల్డర్లనూ ఎంచుకున్నాడు. చెత్తబుట్టలోకి వెళ్లకుండా నేరుగా పోయేలా షిఫ్టు మీట నొక్కి పట్టుకుని తీసేయమన్నాడు. శాశ్వతంగా తొలగించాలా అని కంప్యూటరు అడిగింది. ఆయన చెయ్యి అక్కడే ఆగింది.

మైకక్క కాగితం తీసి రాసింది. ‘పరీక్షించిన తర్వాత ఈ మూడు ఫోల్డర్లను నేనే తీయించాను. సమయం 11:56.’ కింద సంతకం పెట్టి ఇచ్చింది.

బాబాయి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. ఆమె సంతకం పక్కన తన సంతకం పెట్టాడు.

“లేకపోతే ఆపరేషనుకు వెళ్లేదాన్ని ముందు పెట్టి వెనక దాక్కున్నాడంటారు” అని మీట నొక్కాడు.

నలభై నిమిషాలు పడుతుందని కంప్యూటరు చెప్పింది. డిస్కు పనిలో ఉన్నప్పుడు రికార్డు చేస్తే మాట మధ్యలో తెగుతుంది. అందుకని మైకక్క గోరువెచ్చని నీళ్లు తాగుతూ ఊరికే కూర్చుంది. ఫోను మోగింది. ఆమె భర్త. పదిహేడో నంబరు బస్సు డ్రైవరు. అవతలి ఊళ్లో బస్సు ఆపి చేస్తున్నాడు.

“ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. అయిందా?”

ఆమె కలంతో ఫోను మీద రెండుసార్లు కొట్టింది.

“అవుతుందా?”

ఒకసారి.

“మందు వేసుకున్నావా?”

ఒకసారి.

“ఇరవై రెండేళ్లలో నా మాటకు నువ్వు అడ్డు రాకపోవడం ఇదే మొదటిసారి. రెండు నెలలు నాకు పండగే.”

ఆమె వరసగా ఏడెనిమిది సార్లు కొట్టింది.

“అది అర్థమైందిలే” అన్నాడు. “మన చిన్నమ్మాయి అన్నం తిని ఆసుపత్రి సంచీ సర్దుతోంది. సాయంత్రం నేనే వచ్చి తీసుకెళ్తా. పెట్టేస్తున్నా.”

పన్నెండు ముప్పై ఎనిమిదికి తెర మీద ఖాళీ అంకె మారింది. నూట నలభై జీబీ. బాబాయి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. మైకక్క కిటికీ సందుల్లో దుప్పటి కుక్కింది, తలుపు వేసింది, బాబాయిని కుర్చీతో కిర్రుమనిపించవద్దని సైగ చేసింది. నూట నలభై నాలుగో ముక్క మొదలుపెట్టింది.

“గాజు ఫ్యాక్టరీ మీదుగా.”

“పాత వంతెన మీదుగా.”

“ఆలస్యముగా నడుచుచున్నది.”

కింద కంట్రోలర్ మాట్లాడినప్పుడల్లా ఆగింది. ఆయన ముగించగానే అందుకుంది. ప్రతి ముక్కా రెండుసార్లు చెప్పింది. బాగున్నదాన్ని ఉంచింది. నూట తొంభై దాటాక మాట చివర బొంగురు వచ్చింది. నీళ్లు తాగి, చివరను కాస్త పైకి ఎత్తి చెప్పింది. బాబాయి పక్కన కూర్చుని అయినవాటికి పట్టికలో టిక్కులు పెట్టాడు. ఒంటి గంట ఇరవై ఎనిమిదికి రెండు వందల పద్నాలుగో టిక్కు పడింది.

గొంతులో ఇంకా పదకొండు నిమిషాలు మిగిలాయి.

ఆమె అన్నింటినీ వినడం మొదలుపెట్టింది. ఉదయం రికార్డు చేసిన అంకెల దగ్గర ఆగింది. ‘పదకొండవ’ అన్న మాట వెనక ఒక బస్సు హారన్ ఉంది. దుప్పటి అప్పటికి కుక్కలేదు. మళ్లీ చెబుతానని సైగ చేసి, పాత ముక్క మీద కర్సరు పెట్టి తీసేయబోయింది.

“ఆగు” అన్నాడు బాబాయి. “ముందు కొత్తది రానీ. పాతది ఎక్కడికి పోతుంది. ఇప్పుడు చోటుందిగా.”

ఆమె ఆయన వైపు చూసింది. పాతదాన్ని ఉంచి మైకు ముందు కూర్చుంది.

“పదకొండవ.”

విన్నారు. మాట మధ్యలో విరిగింది. నీళ్లు తాగి మళ్లీ చెప్పింది. మళ్లీ విరిగింది. రెండు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుని మూడోసారి చెప్పింది. గాలి మాత్రమే వచ్చింది. గడియారంలో ఇంకా తొమ్మిది నిమిషాల గొంతు ఉంది. గొంతులో లేదు.

మైకక్క మైకు కట్టేసింది. కొత్త ముక్కలు మూడూ తనే తీసేసింది. హారన్ ఉన్నదాన్ని పట్టికలో పెట్టింది. బాబాయి అన్నింటినీ ఒకచోట చేర్చి హెడ్డాఫీసుకు పంపాడు. ఒంటి గంట యాభై ఒకటికి అందినట్టు జవాబు వచ్చింది.

కంట్రోలర్ పైకి వచ్చాడు. “మొదటిది నేనే నొక్కుతా” అని నొక్కాడు. గంట మోగింది. మైకక్క నోరు మూసుకుని కూర్చుని ఉండగా స్టాండులోని పద్దెనిమిది స్పీకర్లలోంచి మైకక్క మాట్లాడింది. కింద జనం సంచులు ఎత్తుకున్నారు. ‘పదకొండవ’ దగ్గర హారన్ వినిపించింది. నలుగురైదుగురు వెనక్కి తిరిగి చూసి పక్కకు జరిగారు.

“అక్కా, ఆ హారన్ ఏంటి?” అన్నాడు కంట్రోలర్. “పదకొండో ప్లాట్‌ఫారం అన్న ప్రతిసారీ బస్సు వచ్చేసిందనుకుంటారు.”

మైకక్క ట్రిప్ షీటు వెనక రాసి ఇచ్చింది.

‘అనుకోనివ్వండి. వచ్చేది బస్సేగా.’