అర చుట్టు వదులు

మా అక్కని చేసుకున్న కొత్తలో మా బావ ఆమెకేసి ఎలా చూసేవాడో నాకు గుర్తులేదు గానీ, కూతురు కొనిచ్చిన కత్తికేసి ఎలా చూసేవాడో మాత్రం రోజూ చూశాను.

మా బావది క్షవరాల షాపు. రెండు కుర్చీలు, మూడు అద్దాలు, కాచుకునేవాళ్ళకి ఒక చెక్క బెంచీ. పక్కన ప్లైవుడ్ అడ్డుగోడ, దానికి ఇవతల నా కొట్టు. నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. ఆ ప్లైవుడ్ ఎంత పలచనంటే, అవతల ఎవరైనా తుమ్మితే ఇవతల నేను ముక్కు తుడుచుకుంటాను.

ముప్పై ఏళ్ళు ప్లాస్టిక్ పిడి కత్తితో గడ్డాలు గీసిన మనిషికి కూతురు స్టీలు కత్తి తెచ్చిపెట్టింది. బ్లేడు మార్చుకునే రకమే, కానీ దాని దర్జా వేరు. నల్ల చెక్క పిడి, అద్దంలా మెరిసే ఒళ్ళు, పడుకోవడానికి లోపల మెత్తటి గుడ్డ వేసిన డబ్బా. ప్రతి మనిషికీ కొత్త బ్లేడు. కాగితంలో ఉండగానే బ్లేడుని మధ్యకి టప్పున విరిచి, సగం ముక్కని కత్తి నోట్లోకి జార్చి బిగించేవాడు. సాయంత్రం బ్లేడు తీసేసి, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, మూలల్లో నురుగు లేకుండా మెత్తటి బ్రష్‌తో తోమి, తుడిచి, కీలు దగ్గర ఒక్క చుక్క నూనె వేసేవాడు.

"బావా, మా అక్కకి తలనొప్పొస్తే ఎప్పుడైనా ఇంత ప్రేమగా నూనె రాశావా?" అనడిగాను ఓసారి.

"మీ అక్క తుప్పు పట్టదురా" అన్నాడు తలెత్తకుండా.

ఆ కీలు దగ్గర చిన్న మర ఒకటి ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదట. ఫ్యాక్టరీలోనే బిగించారు, జన్మలో వదులవదు అని కత్తితో వచ్చిన కాగితంలో ఉందని మేనకోడలు చదివి చెప్పింది. మా బావ ఆ కాగితానికి లామినేషన్ చేయించి అద్దం పక్కన తగిలించాడు. దేవుడి పటం కన్నా రెండంగుళాలు పైకే.

ఇంక ఆ కత్తి తెరవడం చూడాలి. మణికట్టు ఒక్క విదిలింపు, టక్. అంతే, బెంచీ మీద కూర్చున్నవాళ్ళు పేపర్లోంచి తలెత్తాల్సిందే. ఒకరోజు నేను ముచ్చటపడి చెయ్యి చాపాను.

"ఆగు ఆగు. ఆ చేతులు మిషన్ల కడుపులో పెట్టే చేతులు" అన్నాడు. బెంచీ నిండా జనం. "ఏడో క్లాసు దగ్గర ఆగిపోయినోడికి ఆ కాగితమే అర్థం కాదు, కత్తేం అర్థమవుతుందిరా బామ్మర్దీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను నవ్వానంటే దానికి బదులు ఎక్కడో మొదలైందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇదివరకొకసారి గొంతు మార్చి ఫోన్ చేసి, నలభైమంది పెళ్ళివారు క్షవరానికొస్తున్నారని తెల్లారకముందే షాపు తీయించాను. పాపం, నీళ్ళు కూడా కాచిపెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బావ భోజనానికి ఇంటికెళ్ళాడు. నేను నా స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళి ఆ మరని అర చుట్టు వదులు చేశాను. అర చుట్టే. కుట్టుమిషన్లో అర చుట్టు అంటే ఏమంత లెక్క కాదు. బావ రాగానే బెంచీ ముందు మణికట్టు విదిలిస్తాడు, కత్తి టక్‌మనకుండా ఎండకి వాడిన తోటకూర కాడలా వేలాడుతుంది, నేను అడ్డుగోడ మీదుగా తల పెట్టి "ఏం బావా, కాగితంలో దీనికేం రాశారు?" అంటాను. నవ్వుకుంటాం, బిగించేస్తాను. ఇదీ నా పథకం.

బావ వచ్చేలోపు ఒక టైలరమ్మ దారం చుట్టుకుపోయిన మిషన్ తెచ్చి నా నెత్తిన పెట్టింది. నేను దాని కింద దూరాను. అవతల బావ వచ్చాడు. హెడ్మాస్టారూ వచ్చారు. రిటైరై పదేళ్ళయినా ఆయన వీధిలో వస్తుంటే నేను ఇప్పటికీ బీడీ దాచేస్తాను, నన్ను ఏడో తరగతిలో బెంచీ ఎక్కించింది ఆయనే. ఆ వేళ బెంచీ ఖాళీ, చూసేవాళ్ళు లేరు, బావ విదిలించనే లేదు. మామూలుగా తెరిచి పని మొదలెట్టాడు.

"అయ్యో" అని వినిపించింది. బావ గొంతు.

నేను పరుగెత్తేసరికి హెడ్మాస్టారి దవడ కింద చిన్న గీత, తెల్ల కాలరు మీద ఎర్రటి చుక్క. బావ పటిక రుద్దుతున్నాడు. "పర్వాలేదయ్యా, పర్వాలేదు" అంటున్నారాయన. దవడ మలుపు దగ్గర పిడి వాలి వేలికి కొట్టుకుందని నాకు చూడగానే అర్థమైంది.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ బావ కత్తివైపు చూడటం లేదు. తన చేతివైపు చూసుకుంటున్నాడు. వేళ్ళు చాపి, ముడిచి, మళ్ళీ చాపి.

"మా నాన్నకీ ఇలాగే మొదలైంది" అన్నాడు, ఎవరితోనో కాదు, అద్దంతో. "ఇదే వయసు. ముందు పట్టు జారింది. ఏడాది తిరక్కుండా గ్లాసు పట్టుకోలేకపోయాడు."

నా నోరు దానంతటదే మూసుకుంది. హెడ్మాస్టారు వెళ్ళాక చెబుదాం అనుకున్నాను. ఆయన వెళ్ళాక బావ కత్తిని కడిగి తుడిచి డబ్బాలో పెట్టి, డబ్బాని సొరుగులో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"బావా, ఓసారి కత్తి ఇటివ్వు."

"ఇంక దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. నేను కూడా."

ఆ రోజు నుంచి కత్తెర పని తప్ప గడ్డం పని మానేశాడు. నేను అబద్ధమేమీ ఆడలేదు. ఊరికే ఉన్నాను. ఊరికే ఉండటం ఇంత బరువని మాత్రం నాకు తెలీదు. తాళంచెవి కోసం ఎన్ని వేషాలు వేశానో! చొక్కా మీద టీ ఒలికించాను, మా అక్క ఉతుకుతానంటే తాళంచెవి ప్యాంటు జేబులోకి మారింది. సొరుగు తాళానికి నూనె వేస్తానన్నాను. "నీ నూనె మిషన్లకి వేసుకో" అన్నాడు.

నాలుగో రోజు అడ్డుగోడ అవతల ఠాప్ మని పేలింది. కాసేపటికి మళ్ళీ ఠాప్. టైలరమ్మ ఉలిక్కిపడి "ఏంటన్నా అది?" అంది. షాపు తలుపు సగం మూసి ఉంది. తొంగిచూశాను. బావ బెలూన్ ఊది, ముడేసి, దానికి బ్రష్‌తో సబ్బునురుగు పట్టించి, ఆ కత్తితో గీస్తున్నాడు. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు చేసే పని అది. ముప్పై ఏళ్ళ పనివాడు, ముక్కు మీద కళ్ళజోడు, ఒళ్ళో గులాబీరంగు బెలూన్. మెల్లగా, మెల్లగా... మలుపు దగ్గర ఠాప్. నురుగు కళ్ళజోడంతా.

ఇంకో రోజైతే నేను పదిమందిని పిలిచి చూపించి ఉండేవాణ్ణి. మా అక్క నా వెనకే నిలబడి ఉంది.

"నవ్వావంటే చంపేస్తానురా తమ్ముడూ" అంది గుసగుసగా.

"నవ్వట్లేదే అక్కా."

ఆమె నా మొహం చూసి, "ఒంట్లో బాలేదా నీకు?" అనడిగింది.

సాయంత్రం మేనకోడలు వచ్చి నరాల డాక్టరు దగ్గర ఎల్లుండికి పేరు రాయించానంది. కుర్చీ ఎవరికైనా అద్దెకిచ్చేస్తే ఎలా ఉంటుందని వాళ్ళ నాన్న అడిగాడట. "కుర్చీ ఇచ్చేసి ఆయనేం చేస్తాడు మావయ్యా? ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కిపోతాడు. నువ్వైనా నవ్వించు కాస్త" అంది. నన్ను! నవ్వించమని!

ఆ మర్నాడు పదింటికి బావ అడ్డుగోడ మీద రెండుసార్లు కొట్టాడు.

"రారా, కూర్చో. గడ్డం గీస్తాను."

చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ జేబులో దోపుకున్నాను. వెళ్ళాను. అక్కా, మేనకోడలూ బెంచీ మీద కూర్చుని ఉన్నారు, ఆసుపత్రిలో కూర్చున్నట్టు.

"ఇదే ఆఖరి పరీక్ష" అన్నాడు బావ, నా మెడకి గుడ్డ చుట్టి వెనకాల బిగిస్తూ. "నీ మీద బాగా వస్తే సరే. తెగిందా, రేపట్నించి కుర్చీ వేరేవాళ్ళది."

"నేనే ఎందుకు బావా?"

"వేరేవాళ్ళు మొహమాటానికి పర్వాలేదంటారు. నువ్వు చీమ కుట్టినా వీధి వినేలా అరుస్తావు."

కుర్చీ వెనక్కి వాల్చాడు. చేతులు గుడ్డ కింద, కాళ్ళు గాల్లో, తల ఇనుప దిండు మీద. వేడి తువ్వాలు వేశాడు, తీశాడు, పెదాల దాకా నురుగు పట్టించాడు. మూడు అద్దాల్లోనూ నేనే. ఎటు చూసినా నురుగు మొహం, రెండు కళ్ళు. బ్లేడు విరిచిన చప్పుడు. కత్తి తెరిచాడు. టక్ మనలేదు. దానికీ తన చేతినే అనుమానించి ఉంటాడు.

అర చుట్టు. నేను వదులు చేసిన అర చుట్టు నా గొంతు మీదకి వస్తోంది. ఊరుకుంటే నా గొంతు తెగుతుంది, దానితోపాటు ఆయన బతుకూ. చెబితే ఈ బెంచీ మీద ఇద్దరాడవాళ్ళు, చేతిలో కత్తున్న మనిషి.

కత్తి చెంప మీద దిగింది, చల్లగా. సగం చెంప బాగానే వచ్చింది. దవడ మలుపు దగ్గరికి వస్తోంది.

"బావా, మర!" అన్నాను. నురుగు నోట్లోకి పోయింది.

"కదలకు."

"మర వదులు చేశాను బావా. నేనే. హెడ్మాస్టారొచ్చిన రోజు మధ్యాహ్నం. నీ చేతికేం కాలేదు."

కత్తి ఆగింది. బావ నాకేసి చూసి మెల్లగా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

"పిచ్చోడా" అన్నాడు. "నన్ను ఓదార్చడానికి ఇంత కథ అల్లావా?"

"నిజం బావా!"

"చూశావా, వీడికి నేనంటే ఎంత ప్రేమో" అన్నాడు అక్కతో. "నలభైమంది పెళ్ళివారు కూడా నిజమేరా?"

మేనకోడలు కళ్ళొత్తుకుంటూ, "మావయ్యా, ఇప్పుడు జోకులొద్దు" అంది.

ఏం చెయ్యను? జన్మంతా నేనాడిన అబద్ధాలన్నీ నమ్మారు. నిజం చెప్పిన రోజున ముద్దు చేస్తున్నారు. కత్తి మళ్ళీ దవడ మీదకి వచ్చింది.

గుడ్డ కింద చెయ్యి చొక్కా జేబులోకి తోశాను. స్క్రూడ్రైవర్ దొరికింది. గుడ్డ అంచు కిందనుంచి పైకెత్తి పట్టుకున్నాను.

"మర నెత్తి చూడు బావా. నా స్క్రూడ్రైవర్ దానికి రవ్వంత పెద్దది. జారి గీసుకుపోయింది. కొత్త గీత ఉంటుంది చూడు. కాగితంలో ఆ గీత గురించి రాసుందా?"

బావ కత్తిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, కీలుని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. ఆ కత్తి మీద ఏ వెలుగు ఎక్కడ పడుతుందో తెలిసిన మనిషి. చాలాసేపు చూశాడు. తర్వాత పిడి పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. లోపల ఎక్కడో టిక్, టిక్ మంది.

నేను కుర్చీలో వెల్లకిలా, చేతిలో స్క్రూడ్రైవర్, సగం మొహం నురుగు. లేచి పారిపోదామన్నా గుడ్డ ముడి వెనకాల ఉంది.

బావ వచ్చి నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. బ్లేడు తీసి పక్కన పెట్టి, మర బిగించాడు. అర చుట్టు. ఇంకో బ్లేడు విరిచాడు. మణికట్టు విదిలించాడు.

టక్.

మా అక్క గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి అయ్యాక, నా వైపు తిరిగి, "ఐదు రోజులు" అంది. "ఐదు రోజులు నోరు మూసుకుని కూర్చున్నావురా?" అప్పటికే కత్తి దవడ మీద ఉంది, నాకు గడ్డం కదిపే వీల్లేదు.

బావ తలెత్తలేదు. దవడ మలుపు, గొంతు, చెవి కింద, అన్నీ వెన్న తీసినట్టు తీశాడు. వేలు వణకలేదు. తిడితే బాగుండును. కొట్టినా బాగుండును. చివరికి నా మీసం దగ్గరికి వచ్చాడు. పదహారేళ్ళప్పట్నించీ పెంచిన మీసం. "అది ముట్టుకోకు బావా" అనేలోపు కుడివైపు సగం నున్నగా ఎగిరిపోయింది. కత్తి మూశాడు. మొహం తుడిచాడు.

"ఎడమది?" అన్నాను.

"హెడ్మాస్టారింటికెళ్ళి జరిగింది చెప్పిరా. తర్వాత చూద్దాం."

"ఈ మొహంతోనా?"

"వేరే మొహం ఉందా నీకు?"

నాలుగు వీధులు. మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, పంటినొప్పి వచ్చినట్టు నడిచాను. ముగ్గురు ఆపి మందు చెప్పారు. హెడ్మాస్టారు తలుపు తీశారు, దవడ మీద ఎండిన గీతతో, ఐదు రోజుల నెరిసిన గడ్డంతో. ఆయన వేరే షాపుకి పోలేదు. ఎక్కడికీ పోలేదు. నేను చెయ్యి తీసి, అంతా చెప్పాను. ఆయన చొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని నాతో పాటు బయల్దేరారు.

షాపులోకి రాగానే నేను కుర్చీ వైపు అడుగేశాను. ఆయన కర్రతో బెంచీ చూపించారు.

"అప్పుడు ఎక్కమన్నాను. దిగమని చెప్పానా?"

ఆయన కుర్చీలో కూర్చుని, మెడ వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకున్నారు. బావ ఆయన గొంతుకి నురుగు పట్టించాడు. కాలరు మీద చుక్క పడకుండా బావ చేతిగుడ్డ దోపబోతే, "అక్కర్లేదయ్యా" అన్నారు. కత్తి టక్ మంది.

నేను ఇంకా బెంచీ మీదే ఉన్నాను. ఎడమవైపు మీసం అలాగే ఉంది. వచ్చేపోయేవాళ్ళందరికీ బావ ఒకటే చెబుతున్నాడు: "వాడి వంతు రేపు." నిన్న కూడా అదే అన్నాడు. సాయంత్రం కత్తి కడగడం, తుడవడం, కీలు దగ్గర ఒక్క చుక్క నూనె వేయడం ఇప్పుడు నా పని. ఆయన పక్కన నిలబడి చూస్తుంటాడు. నా స్క్రూడ్రైవర్ మాత్రం సొరుగులో ఉంది. తాళంచెవి మా అక్క దగ్గర.