పొద్దుగూకే హాజరు

మిరపకాయలకు తొడిమలు తీసే చేతికి మంట అలవాటైపోతుంది గానీ, పొరపాటున ఆ చేత్తో కన్ను తుడుచుకుంటే చుక్కలు కనపడతాయి. అంకమ్మ అందుకే మునసబు గారింట్లో ఏడవదు.

పొద్దుగూకే వేళకు ఎరుకల ఆడవాళ్లందరూ మునసబు నాగభూషణరావు గారి వసారాలో చేరి పుస్తకంలో వేలిముద్ర వేయాలి. ఊరు దాటలేదనీ, ఎవరిల్లూ దోచుకోలేదనీ అదే సాక్ష్యం. పుట్టుకతోనే దొంగలని తెల్లదొరలు ఆ కులం మొత్తానికీ చట్టం రాసిపెట్టి పోయారు. వేలిముద్రకు ఎంతసేపు పడుతుంది? కానీ వచ్చినవాళ్లను ఊరికే పంపడం మునసబుగారికి చేతకాదు. పెరడు ఊడ్పించి, గొడ్లచావిడిలో పేడ ఎత్తించి, ఈ మాఘమాసంలోనైతే గుట్టలుగా పోసిన కాయలకు తొడిమలు తీయించి, దీపాలు పెట్టాక గానీ పుస్తకం తెరవరు. కూలి మాట ఎత్తిన మనిషి లేదు. హాజరుకు కూలేంది?

"అమ్మగారూ, కారంపూడి పోవడానికి చీటీ ఇప్పించండి. మా అమ్మాయి నాగేంద్రానికి నెలలు నిండినయ్యి," అంది అంకమ్మ, మునసబు భార్య రామాయమ్మతో.

"కాయలు అయిపోనీయవే, చూద్దాం."

"పోయినసారి చీటీ వచ్చేసరికి బిడ్డను పూడ్చిపెట్టారమ్మా."

రామాయమ్మ చేటలో కాయలు చెరుగుతూ చెరుగుతూ ఆగింది. "నేను మా పుట్టింటికి పోయి మూడేళ్లయింది. నాకెవరిచ్చారే చీటీ?" అని, అన్న మాటకు తనే జంకినట్టు లోపలికి పోయింది.

కూతురి తొలికాన్పుకు మూడు రోజులు ఆలస్యంగా పోయింది అంకమ్మ. ఆ మూడు రోజులూ నాగేంద్రం అత్త ఆ పిల్ల మొహం మీదే అన్నదట, "మీ అమ్మ ఏ ఇంటికి కన్నం వేయబోయి దొరికిపోయిందో!" అని. ఆమె మాత్రం ఏ మహారాణీ? ఆమె కూడా ఎరుకలదే, ఆమె పేరు కూడా కారంపూడి హాజరు పుస్తకంలో ఉన్నదే. అయినా అంది. నొప్పులు పడుతూ ఆ మాట విన్న పిల్ల ఇప్పుడు మళ్లీ నొప్పులకు సిద్ధంగా ఉంది. ఈసారి పక్కన లేకపోతే తను తల్లి అనిపించుకోవడం దండగ.

మర్నాడు ఈతగంపలు కొనడానికి వచ్చిన సుభానీతో ఈ గోడు చెప్పుకుంటే అతను నోరు తెరిచాడు. "ఇంకా చీటీ ఏందక్కా? కారంపూడిలో మీవాళ్లు హాజరు మానేసి చానా రోజులైంది. ఆ చట్టం కొట్టేశారంట గదా!"

అంకమ్మ గుండె ఎగిరి గంతేయలేదు. ముందు సుభానీనే అనుమానించింది. గంపలు తక్కువకు కొట్టేయడానికి తీపికబుర్లు చెబుతున్నాడా? వెనకటికి తన నాన్నను ఒక పోలీసు జవాను, "పో, ఏం కాదు," అని పొలిమేర దాటించి, ఆ జవానే అవతల పట్టుకుని కొట్టాడు. మంచిమాట చెప్పేవాణ్ణి ముందు అనుమానించాలని ఆమె ఉగ్గుపాలతో నేర్చుకుంది. సుభానీ పోయాక మాత్రం ఆలోచన మునసబు వైపు మళ్లింది. నెలాఖరున పుస్తకం చూడ్డానికి వచ్చే జవాను ఈమధ్య వచ్చాడా? లేదు. వానాకాలం నుంచీ లేదు.

ఆ సాయంత్రం వేలిముద్ర వేసేటప్పుడు పుస్తకం వైపు కన్నార్పకుండా చూసింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ గంప అల్లే కన్ను అది, ఒక బద్ద తారుమారైనా పట్టేస్తుంది. గీతలు గీసిన కాగితాలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు వేలు ఆనిస్తున్నది పాత కాగితాల వెనకవైపు. అవతలి ముద్రలు మసకమసకగా కనపడుతూనే ఉన్నాయి. సర్కారుకు పోవాల్సిన పుస్తకమైతే ఇట్లా చిత్తు రాతలు రాస్తారా? ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ తీసిన తొడిమలన్నీ, ఎత్తిన పేడంతా ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మొగుడికి చెప్పాలి, ఇద్దరూ కలిసి అడగాలి అనుకుంటూ ఇంటికి నడిచింది.

యల్లమంద గుడిసె ముందు కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. అతని హాజరంతా మునసబుగారి చేలకు కావలి కాయడంలోనే చెల్లిపోతుందని ఆమె అనుకుంటూ వచ్చింది.

"హాజరు కొట్టేశారంటయ్యా."

ఎవరు చెప్పారని అతను అడగలేదు. ఆశ్చర్యపోలేదు, సంతోషపడలేదు. కత్తి నూరుతూనే ఉన్నాడు. ఆమె పుస్తకాన్ని చూసిన చూపుతోనే మొగుణ్ణి చూసింది.

"నీకు తెలుసు," అంది.

"వానలప్పుడే మునసబుగారు చెప్పారులే. మాకు ఎత్తేశారు. ఆడోళ్లను మాత్రం పంపించమన్నారు."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే ఏం చేస్తావే? ఎరుక చెప్తానని గంప నెత్తినెట్టుకుని ఊళ్లెమ్మట పడతావు. హాజరుందని గదా ఇరవయ్యేళ్లు ఇంటిపట్టున పడున్నావు. ఆడది యాడుందో మొగుడికి తెలియాలా, వద్దా?"

అంకమ్మకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. ఊరు అనుమానించింది, సర్కారు అనుమానించింది, సరే. పక్కలో పడుకునే మనిషి కూడా ఇన్నేళ్లూ దొరల కళ్లతోనే తనను కాపలా కాశాడు. వాళ్ల పుస్తకం వాళ్లు మూసుకుని ఓడెక్కారు. దానికి నకలు ఈ గుడిసెలో ఉందని ఎవరికీ తెలియలేదు. ఎవరు కొట్టేస్తారు దీన్ని?

తెల్లారి పాతగుడ్డలూ, ఆముదం బుడ్డీ, వెల్లుల్లిపాయలూ మూట కట్టుకుంది. గూడెంలో ప్రతి గుమ్మం ముందూ ఆగి, "ఇయ్యాల్టి నుంచి హాజరు లేదంట, ఎవరూ పోమాకండి," అని చెప్పింది. కొందరు నమ్మారు, కొందరు ఆమెనే అనుమానంగా చూశారు. చూడనీ. వాళ్లు మాత్రం ఉగ్గుపాలు తాగలేదా?

యల్లమంద వెంటపడ్డాడు. "మునసబుగారు అడిగితే నేనేం చెప్పేదే? ఎప్పుడొస్తుందంటే ఏమనాలి?"

ఆమె మూట నెత్తికెత్తుకుంది.

"కాన్పయినాక ఏ ఊరు పోతానో నేనింకా అనుకోలేదు. నా పెళ్లాం యాడుందో నాకు తెలియదని చెప్పు."