దగ్గు వినబడితేనే పని

మా చిన్నవాడి కొట్టులో గోడకి ఒక తెల్లబోర్డు ఉంది. దానిమీద రాసిన ఒక్క అంకె మా ఇంట్లో పెట్టిన చిచ్చు గురించి చెబుతాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మధ్యలో ఎవరినైనా నాలుగు మాటలంటే మీరు మనసులో పెట్టుకోకండి.

అది లాప్‌టాప్‌ల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. మోకాళ్ళు మాట విన్న రోజున నేను మెట్లు దిగి గల్లాపెట్టె పక్కన కుర్చీలో కూర్చుంటాను. మా పెద్దమ్మాయి కూతురు అక్కడే మేనమామ దగ్గర పని చేస్తుంది. కోపం దానికి ముక్కుమీదే ఉంటుంది, అందుకే ఇంట్లో అందరం మిరపకాయ అంటాం. ఏ కొత్త లాప్‌టాప్ వచ్చినా మిరపకాయ దానికి పరీక్ష పెడుతుంది. లోపల ప్రాసెసర్ అని చిన్న బిళ్ళ ఉంటుందట, యంత్రానికి బుర్ర అదే. పరీక్ష ప్రోగ్రాం ఆ బుర్రచేత గుక్క తిప్పుకోకుండా లెక్కలు చేయించి, ఎంత వేగంగా చేసిందో చూసి మార్కులు వేస్తుంది. బెంచ్‌మార్క్ అంటారు. ఆ మార్కులన్నీ ఒకదాని కింద ఒకటి బోర్డుమీద రాసి, అడుగున మిరపకాయ సంతకం పెడుతుంది. కంపెనీవాళ్ళ రంగుల కాగితాలు ఎవరు నమ్ముతారు? మా వీధిలో జనం ఆ సంతకం చూసి కొంటారు.

ఆ మధ్య కొత్త కంపెనీది ఒకటి వచ్చింది. సన్నగా, నల్లగా, మూత తెరిస్తే అద్దంలా ఉంది. పరీక్షలో మిగతావాటన్నిటినీ తన్నుకుంటూ పైకెక్కి కూర్చుంది. సరుకు తెచ్చే ఏజెంటు మావాడి భుజం తట్టి, బాగా అమ్మితే ఊళ్ళో ఇంకెవరికీ ఇవ్వకుండా అంతా నీకే ఇస్తానన్నాడు. ఇక చూడాలి మావాడి నడక. నేలమీద కాలు ఆనలేదు.

అప్పుడొచ్చింది ఒకావిడ. ఇళ్ళ ప్లాన్లు గీసి బతుకుతుంది. బోర్డులో మొదటి వరసలో ఉందని ఆ నల్లదాన్ని అంతకుముందే మా దగ్గర కొనుక్కుపోయింది. సంచీలోంచి తీసి బల్లమీద పెట్టి, తను గీసిన ఒక మేడ బొమ్మ తెరిచి, తెరమీద దాన్ని అటూ ఇటూ తిప్పింది. బొమ్మ కదలడానికి ఆపసోపాలు పడింది. పాత లాప్‌టాపే నయమంది. పనిచ్చినవాళ్ళు ఇంకా ఎంతసేపని విసుక్కుంటున్నారట, ఒకాయన పని వెనక్కి తీసేసుకున్నాడట. అన్నీ చెప్పి మిరపకాయ వైపు తిరిగింది.

"కంపెనీని నమ్మలేదమ్మాయ్ నేను. నీ సంతకం చూసి కొన్నాను."

మిరపకాయ మొహం కందగడ్డయింది. అక్కడికక్కడే మళ్ళీ పరీక్ష పెట్టింది. ఆ దిక్కుమాలిన యంత్రం మళ్ళీ మొదటి మార్కులే తెచ్చుకుంది. మావాడు చూశారా అన్నట్టు చేతులు చాపి, యంత్రంలో లోపం లేదు, వాడటం చేతకావాలి అన్నాడు. అంత పెద్దావిడని పట్టుకుని, చదువు రానిదానితో మాట్లాడినట్టు మాట్లాడాడు. చదువు రానిదాన్ని నేనున్నాను కదా పక్కనే, నాతో కూడా ఎవరూ అలా మాట్లాడరు. ఆవిడ లాప్‌టాప్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. తిట్టి వెళ్ళినా బాగుండేది.

అన్నం దగ్గర మిరపకాయ ముద్ద మింగలేదు. ఆవిడ అబద్ధం చెప్పలేదమ్మమ్మా, పరీక్షా అబద్ధం చెప్పలేదు, మరి తప్పు ఎక్కడుంది అని అదే పాట. మర్నాడు ఇంకోసారి చూస్తానంటే మావాడు ఒప్పుకోలేదు. నల్లదాంట్లోంచి ఆ పరీక్ష ప్రోగ్రామే తీసిపారేశాడు. పరీక్షలు చాలు, వచ్చినవాళ్ళకి సరుకు చూపించు అన్నాడు.

మిరపకాయ ఊరుకునే రకమా? మేనమామ భోజనానికి పైకి వెళ్ళగానే ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించింది. అసలు పేరుతో ఉంటే ఆయన కంట పడుతుందని, పేరు మార్చి "అమ్మమ్మ" అని పెట్టింది. అమ్మమ్మ అని ఉంటే నా ఫొటోలనుకుని ముట్టుకోడని దాని ఎత్తు.

పెట్టి నొక్కింది. మార్కులు సగానికి సగం పడిపోయాయి.

ఎక్కించడంలో పొరపాటేమో అనుకుని మళ్ళీ అసలు పేరు పెట్టింది. లోపల ఫ్యాను బుస్సుమని లేచింది, మార్కులు ఆకాశానికెక్కాయి. అమ్మమ్మ అని పెట్టింది, నేలకు దిగాయి. పక్కనున్న మిగతా లాప్‌టాప్‌లకీ ఇలాగే పేరు మార్చి చూసింది. వాటికి ఏ పేరైనా ఒకటే, మార్కులు కదలలేదు. ఈ ఒక్కదానికే రోగం. పరీక్ష పేరు కనబడితే ఒళ్ళు దాచుకోకుండా పరిగెడుతుంది. మామూలు మనిషి మామూలు పని చెబితే బ్యాటరీ ఆదా అని, వేడెక్కకూడదని, కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. ఎవడో కూర్చుని మరీ దానికి అలా నేర్పాడు.

మిరపకాయ విసవిసా నా దగ్గరికొచ్చి ఇదంతా చెప్పింది. నాకు ప్రాసెసర్ సంగతి సగమే అర్థమైందిగాని, ఆ తీరు మనిషి మటుకు పూర్తిగా అర్థమయ్యాడు. మా పెద్దబావగారు కళ్ళముందుకొచ్చి నిలబడ్డాడు. మా అత్తవారిది వడ్రంగం. మామగారు వీధి మొగలో దగ్గేవారు. ఆ దగ్గు వినబడేదాకా పెద్దబావగారు చెక్కల చాటున నిద్రపోయేవాడు. వినబడగానే లేచి చిత్రిక అందుకుని చరచరా పట్టేవాడు, చెమట కూడా తెచ్చుకునేవాడు మహానుభావుడు. నా పెద్దకొడుకంత పనిమంతుడు లేడని మామగారు చచ్చేదాకా చెప్పుకున్నారు. తలుపులన్నీ చేసిన చేతులు మటుకు మా ఆయనవి.

"ఇది పెద్దబావగారేనే," అన్నాను. "దగ్గు వినబడితేనే పని."

మావాడు దిగి రాగానే మిరపకాయ రెండు విధాలా చేసి చూపించింది. వాడు చూశాడు. అర్థం కాకపోవడానికి వాడేమీ వెర్రివాడు కాదు. అయినా నోరు తెరిచి, ఊళ్ళో ఎవరు చేయడం లేదే ఇలా, మనం ఒక్కళ్ళం మడికట్టుకుంటే సరుకు ఎదురుకొట్టుకి పోతుంది, అంకె అంకే, చెరపడానికి వీల్లేదు అన్నాడు.

"అంకె మీది మావయ్యా, ఉంచుకోండి. సంతకం నాది," అంది మిరపకాయ. గుడ్డ తీసి తన సంతకం తుడిచేసి, స్టూలు మీద కూర్చుని చేతులు కట్టుకుంది.

నేను కన్న పిల్లవాడు, నా ఎదురుగా, ఇంకో మనిషి నోటికాడ కూడు తీసిన యంత్రాన్ని వెనకేసుకొస్తున్నాడు. అయినా అరవలేదు. కుర్చీని గల్లాపెట్టె దగ్గర్నుంచి గుమ్మం దగ్గరికి జరిపించుకున్నాను. లోపలికొచ్చిన ప్రతివాళ్ళకీ మా పెద్దబావగారి కథ చెప్పడం మొదలుపెట్టాను. దగ్గు, చిత్రిక, చెమటతో సహా. చివర్లో ఆ నల్లదాన్ని చూపించి, ఆయన మళ్ళీ పుట్టాడు, అదుగో అనేదాన్ని. కొందరు నవ్వారు. కొందరు బోర్డు చూసి, సంతకమేదండీ అని అడిగారు. ఏజెంటు వస్తే అతనికీ చెప్పాను, కాస్త వివరంగా. అతను కాఫీ కూడా తాగకుండా వెళ్ళాడు.

"అమ్మా, నువ్వు పైకి వెళ్ళు. వీటి గురించి నీకేం తెలుసు?" అన్నాడు మావాడు, పళ్ళ బిగువున.

"ఏమీ తెలీదు నాయనా. నాకు తెలిసింది మీ పెదనాన్న ఒక్కడే. ఆయన గురించి చెప్పుకుంటున్నాను, అదీ తప్పేనా?"

వాడు లోపలికి పోయాడు, బయటికొచ్చాడు, మళ్ళీ లోపలికి పోయాడు. చివరికి గుడ్డ తీసుకుని మొదటి వరసలో అంకె బరబరా తుడిచాడు, గోడమీద కోపమంతా తీర్చుకున్నట్టు. అడుగు వరసలో, అమ్మమ్మ పేరుతో వచ్చిన అంకె రాశాడు. ప్లాన్లు గీసే ఆవిడకి ఫోను చేసి, వచ్చి వేరేది పట్టుకెళ్ళండన్నాడు. క్షమించమని మటుకు అనలేదు. అందుకు నాకు ఇప్పటికీ మంటే.

అంతా అయ్యాక సంతకం పెట్టవే అని పెన్ను మిరపకాయ ముందు పడేశాడు. అది పెన్ను ముట్టుకోలేదు. ముందు నల్లదాన్ని తెరిచి, అమ్మమ్మ అని ఉన్నదాన్ని నొక్కి, మార్కులు వచ్చేదాకా కూర్చుంది. వాటిని బోర్డుమీద మేనమామ రాసిన అంకెతో పోల్చి చూసుకుంది. వాడు గుమ్మంలో నిలబడి గట్టిగా దగ్గాడు. అది తల ఎత్తలేదు. చూడవలసిందంతా చూసుకుని, అప్పుడు పెట్టింది సంతకం.