పేరులేని బిళ్ళ

ఫాల్గుణమాసారంభమున ప్రభాతారుణకాంతులతో పోటీపడుచు పల్నాటి నల్లరేగడిపై పండుమిరప చేలు కెంపులరాశులవలె మెఱయుచుండ ఆ ఘాటైన గాలికి తుమ్ముచు దగ్గుచు నవ్వుచు ఇరువదిమంది కోతస్త్రీలు గట్టుపై బారులుతీరి నిలిచిరి. వారి ముఠాకు పెద్దయైన అంకమ్మ ముప్పదియేండ్ల కోతలలో ఏనాడును సగముసాలు విడిచిరాని ధీరురాలు. చేనిలో దిగుటకు ముందు కొంగుముడి విప్పి అట్టలనుండి ముందే ఒలిచి తెచ్చిన నొప్పిబిళ్ళలను తలకొక్కటి పంచుట ఆమె యాచారము. సంతలోని మందులకొట్టునుండి వచ్చు ఆ బిళ్ళల పేరు ఎవ్వరును ఎఱుగరు.

ఏడవనెల నిండిన గర్భభారముతో నడుమునొప్పిచే వాడియున్న సైదమ్మ రెండుదినములుగా ఆ బిళ్ళను మ్రింగుచుండెను. తొలిచూలు నిలువకపోయినందున ఈ శిశువే ఆమెకు సర్వస్వము. మూడవనాడు సాలు సగమైనవేళ, ఉదయము దాచుకొన్న బిళ్ళ నోటికడకు పోవుచుండగా గర్భిణులను చూడ గట్టువెంట వచ్చిన నర్సు విమల ఆమె మణికట్టు పట్టుకొనెను.

“అదేం బిళ్ళమ్మా?”

“నొప్పిబిళ్ళ. అంకమ్మత్త ఇచ్చింది.”

“పేరేంది?”

“బిళ్ళకి పేరేంది నర్సమ్మా, దానికేమన్నా బారసాల జేశారా?” అని అంకమ్మ యనగా ముఠాయంతయు నవ్వెను.

విమల నవ్వలేదు. “ఐదో నెల నిండినాక కొన్ని నొప్పిబిళ్ళలు ఏసుకుంటే ఉమ్మనీరు తగ్గుద్ది. ఏడో నెల దాటితే బిడ్డ గుండెకాడి నాళం ముందే మూసుకుపోవచ్చు. పారాసిటమాల్ అయితే డాక్టర్ని అడిగి తక్కువగా ఏసుకోవచ్చు. ఇది ఏదో నీకే తెలవదు గదా అంకమ్మా.”

సైదమ్మ హస్తము తనంతతానే ఉదరమును చేరెను. ఉదయమునుండి బిడ్డ కదలెనో లేదో ఆమెకు జ్ఞప్తికి రాలేదు. అంకమ్మ ముఖమున నవ్వు చల్లారెను. ఆమె తలగుడ్డ విప్పి దులిపి సాలును సగములోనే విడిచి సైదమ్మను వెంటబెట్టుకొని బస్సెక్కెను. త్రోవలో మందులకొట్టుకడ దిగి ఆ బిళ్ళల అట్టను వెదకించి తీసికొనెను.

ఆసుపత్రిలో వైద్యురాలు అట్టను చూచి ఇది గర్భిణులకు తగని రకమేయని చెప్పెను. స్కానింగు ముగించి ఆమె సైదమ్మవైపు తిరిగెను.

“నీరు బాగానే ఉంది, గుండె బాగానే కొట్టుకుంటంది. ఇంకొకటి మాత్రం ఏసుకోమాక. వారానికి మళ్ళీ రా.”

మఱునాటి యుదయమున అంకమ్మ ముఠాయెదుట నిలిచి స్వరము తగ్గింపకయే పలికెను. “మేలనుకుని చెరుపు చేయబోయినా. తప్పు నాదే. కడుపుతో ఉన్నోళ్ళకి నా చేత బిళ్ళ లేదు. నొప్పైతే చెప్పండి, కూర్చోబెడతా.”

“మరి నా సాలో అత్తా?” అని సైదమ్మ యడిగెను.

“నీ నోరు మూసుకుని నీడన తెల్లబడ్డ తాలుకాయలేరు పిల్లా.”

వేపనీడ కూర్చున్న సైదమ్మ బిడ్డ తన్నినపుడు పనియాపి తలయెత్తి చూచెను. తాను నమ్మినదానిని పదిమందిలో తప్పని యొప్పుకొనుట ఏ కోతకంటెను కష్టమైనది. అంతటి పనిని ముగించిన ఆ ముఠాపెద్ద రెండు సాళ్ళ నడుమ నిలిచి కుడిచేత తనసాలును ఎడమచేత సైదమ్మసాలును కోయుచు అందఱికంటెను ముందుగా సాగిపోవుచుండెను.