సగంలో ఆగిన వరస

ఏలూరులో ఖైరున్నీసా నడిపే తివాచీల షెడ్డులో పెద్ద మగ్గం పొద్దుటి నుంచి ఆగి ఉంది. తివాచీ సగమే అయింది. మిగతా సగానికి ఆర్డరిచ్చినవాళ్లు డిజైను మార్చి పంపారు. అది పాత కంప్యూటర్లో తెరుచుకోవడం లేదు. డిజైను సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ ఎక్కించాలి. సాయంత్రానికి గళ్ల కాగితాల మీద ప్రింటు తీసి నేత మొదలుపెట్టకపోతే ఆ పని ఇంకో షెడ్డుకి వెళ్లిపోతుంది.

దెందులూరు నుంచి బస్సులో వచ్చి కంప్యూటర్ పని చూసే రమ్యశ్రీ అప్పటికి రెండుసార్లు ప్రయత్నించింది. కొత్త వెర్షన్‌తోపాటు దానికి కావలసిన చిన్నచిన్న ప్రోగ్రాముల ప్యాకేజీలు ఇంకా చాలా రావాలి. అన్నీ ఒక్కసారే ఎక్కించబోతే మెమరీ నిండిపోయి పని మధ్యలో ఆగిపోయింది.

"ముసలిదైపోయింది రమ్యమ్మా. దుప్పటి కప్పి పీటగా వాడుకుందాం," అన్నాడు చిన్న మగ్గం మీద నేస్తున్న అక్రమ్.

"నీకంటే చిన్నదేలేరా," అంది ఖైరున్నీసా.

రమ్యశ్రీ నవ్వుకుని, తెరిచి ఉన్నవన్నీ మూసేసింది. మెమరీ చాలనప్పుడు వాడుకోవడానికి హార్డ్ డిస్కులో కొంత చోటు కేటాయించింది. ఈసారి ప్యాకేజీలను కొద్దికొద్దిగా ఎక్కించసాగింది. నల్లటి తెర మీద ఒక్కో పేరూ నిదానంగా పడుతోంది. కుదురుకుందనిపించాక సీసాలో మంచినీళ్లు పట్టుకురావడానికి వెళ్లింది. ఖైరున్నీసా అప్పటికే ఇంట్లోకి వెళ్లింది.

ఉన్ని ఉండే చోటు, నిప్పు భయం కనుక ఆఖరున వెళ్లేవాళ్లు కరెంటు మెయిన్ ఆపాలన్నది ఆ షెడ్డులో పాత కట్టడి. జుమ్మా నమాజుకి వెళ్తూ అక్రమ్ మెయిన్ ఆపేశాడు.

అతను తిరిగొచ్చేసరికి రమ్యశ్రీ మెయిన్ మళ్లీ వేసి, కంప్యూటర్ ముందు కదలకుండా కూర్చుని ఉంది.

"తెర నల్లగా ఉంటే ఆపేశావనుకున్నానమ్మా," అన్నాడు.

"పాత వెర్షన్ పోయిందండీ. కొత్తది పూర్తిగా రాలేదు. అన్నీ తుడిచేసి మళ్లీ ఎక్కించాలేమో."

"సాయంత్రానికి అవుతుందా?" అడిగింది ఇంట్లోంచి వచ్చిన ఖైరున్నీసా.

రమ్యశ్రీ తల అడ్డంగా ఊపింది.

అక్రమ్ తన చిన్న మగ్గం వైపు నడిచాడు. దాని ముందు కూర్చుని, నమాజుకి లేచినప్పుడు వదిలేసిన వరసను వేళ్లతో తడిమాడు. వదులుగా ఉన్న ముడి విప్పి మళ్లీ బిగించాడు. కింది వరసల జోలికి పోలేదు.

రమ్యశ్రీ ఆ వేళ్లనే చూస్తూ కూర్చుంది. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని, సగంలో ఆగినవేమిటో చూపించమని కంప్యూటర్‌కి కమాండ్ ఇచ్చింది. తెర మీద కొన్ని పేర్లే వచ్చాయి. ముందు అవి పూర్తి చేయించింది. ఆ తర్వాత మిగిలినవి మొదలుపెట్టింది.

ఖైరున్నీసా స్టూలు లాక్కుని మెయిన్ స్విచ్ కింద కూర్చుంది. కాసేపటికి అక్రమ్ టీకి లేచాడు. గుమ్మం దగ్గర చెయ్యి దానంతటదే మెయిన్ స్విచ్ వైపు లేచింది.

"ఒరే!" అంది ఖైరున్నీసా.

"బూజు దులుపుదామని, అక్కా," అన్నాడు చెయ్యి దించి.

ఎండ గుమ్మం దాటి వెనక్కి పోతుండగా ప్రింటర్ కదిలింది. మొదటి కాగితం అందుకుని అక్రమ్ పెద్ద మగ్గం దగ్గరికి నడిచాడు.

"ఇంక మీరు లేవచ్చండీ," అంది రమ్యశ్రీ.

ఖైరున్నీసా లేవలేదు.

"ఆఖరి కాగితం కూడా రానీ," అంది.