పదిహేడుతో పోయే సంఖ్య

పులిసిన సాంబారు, ఆరని యూనిఫారాల ముక్కిపోయిన వాసన కలిసిన గదిలో కూర్చుని వీరాంజనేయులు డౌట్లు తీరుస్తున్నాడు. గుంటూరు పొలిమేరలోని ఆ కాలేజీలో ఆయన పని అదే: స్టడీ అవర్లో పిల్లలు తెచ్చిన లెక్కలకు షార్ట్‌కట్ చెప్పి పంపడం. ఎందుకలా అని అడిగేవాళ్లు లేరు. ఆయనా ఎందుకో చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది. కిటికీలోంచి మిరప కోల్డ్ స్టోరేజీల ఘాటు వచ్చి గొంతులో పడితే, ఖాండ్రించి రుమాల్లో ఉమ్ముకున్నాడు.

ఫిజా వచ్చింది. హాస్టల్లో ఉంటున్న చిలకలూరిపేట పిల్ల, తండ్రి మీరా హుస్సేన్ బోరు మోటార్లు బాగుచేస్తాడు.

"సార్, పోయిన వారం టెస్టులో కీ తప్పు."

31, 331, 3331... ఇలా ముందు ఎన్ని మూళ్లు చేర్చినా ప్రధాన సంఖ్యే వస్తుందని కాలేజీ మెటీరియల్లో ఉంది, టెస్టు కీలోనూ అదే. 33333331 దాకా నిజమే. ఒకటీ, తానూ తప్ప దాన్ని ఇంకేదీ శేషం లేకుండా భాగించదు.

"ఇంకో మూడు చేర్చండి సార్. పదిహేడుతో పోతోంది."

ఆయన 17ను 19607843తో గుణించాడు. 333333331. నమ్మలేక మళ్లీ గుణించాడు. అదే. ఎమ్మెస్సీ రోజుల్లో ఇలాంటి వాటి వెంటపడి అన్నం మరిచిపోయేవాడు. ఏడుసార్లు నమ్మించి ఎనిమిదోసారి చెయ్యిచ్చిన ఆ వరసను చూస్తే నవ్వొచ్చింది.

"భలే పట్టావమ్మా! నువ్వే కరెక్టు."

మధ్యాహ్నం డీన్ నాగేంద్రబాబు నుంచి పిలుపొచ్చింది. ఆ గదిలో డీన్ పిలిపించిన మీరా హుస్సేన్ గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. పక్కన ఫిజా. డీన్ పకోడీ నములుతున్నాడు; పెదవి చివర నూనె బొట్టు మాటమాటకీ కదులుతోంది.

"కీ తప్పని క్లాసులో ఒకటే గోలండీ ఈ పిల్ల. ర్యాంకులు చెప్పేశాం, ఫ్లెక్సీలు కట్టేశాం. మీరు చెప్పండి మాస్టారూ, కీ కరెక్టే కదా?"

"నా పిల్ల అబద్ధమాడిందా సార్?" మీరా హుస్సేన్ డీన్‌ని కాదు, వీరాంజనేయుల్నే అడిగాడు.

వీరాంజనేయులు గోడకేసి చూశాడు. ఈ వయసులో తనకు ఇంకెవరు పనిస్తారు?

"మెటీరియల్లో ఉన్నదే కరెక్టండీ."

ఫిజా ఏడవలేదు. "మీరే గుణించి చూశారు కదా సార్," అంది.

 తండ్రి కూతురి వైపు తిరిగాడు. "పదమ్మా, సామాను సర్దుకో."

వీరాంజనేయులు బాత్రూంలోకి వెళ్లి నోరు పుక్కిలించాడు. నాలుక మీద ఏదో జిగట. వేలితో గీకి మళ్లీ పుక్కిలించాడు. పోలేదు. తలెత్తితే అద్దం కనబడుతుందని వంగే బయటికి వచ్చాడు. మళ్లీ వెళ్లి తన కుర్చీలోనే కూర్చున్నాడు. ఎవరో లెక్క తెచ్చారు. షార్ట్‌కట్ చెప్పాడు.

సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ ఆదాం చెప్పాడు: "ఆ తండ్రీకూతుళ్లు వెళ్లిపోయారండీ. పెట్టె, పరుపుచుట్ట బండికి కట్టుకున్నారు. ఇది మాత్రం పట్టలేదు."

గోడ వారన గులాబీరంగు ప్లాస్టిక్ బకెట్టు ఉంది. అంచున గోళ్లరంగుతో రాసిన 'ఫిజా', అడుగున ఇంకా ఆరని సబ్బు నురగ.