ప్రాణాయామం మాస్టారి లోపలి జేబు

నేను ఒక ఇన్‌హేలర్‌ని. నీలం ప్లాస్టిక్ ఒళ్లు, కడుపులో చిన్న మందు డబ్బా. ఫ్యాక్టరీలో నాతో పుట్టినవాళ్లు ఎక్కడెక్కడికో వెళ్లారు. నేను కాకినాడలో చయనులు గారి చేతిలో పడ్డాను. ఆయన రోజూ పొద్దున్నే పార్కులో నలభైమందికి ప్రాణాయామం నేర్పే గురువు. నన్ను కొనడానికి ఊరి చివర మందుల షాపుకి ముఖానికి తువ్వాలు చుట్టుకుని వచ్చారు. ఎవరూ అడక్కుండానే "మా బావమరిదికండీ" అని కూడా చెప్పారు.

అప్పట్నించీ నా కాపురం ఆయన లాల్చీ లోపలి జేబులో. సారా సీసానైనా అంత భయంగా దాచరు. "గుండెల నిండా గాలి పీలిస్తే ఉబ్బసం ఊరొదిలి పోద్దండి, మందులెందుకు?" అని శిష్యులకు చెప్పేవారు. చెప్పి, నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి నన్ను నొక్కేవారు.

పార్కులో వార్షికోత్సవం జరిగింది. ముఖ్య అతిథి కార్పొరేటర్ గారు. వేదికంతా సాంబ్రాణి పొగ. గురువుగారు నిమిషన్నర ఊపిరి బిగబడతానన్నారు. అర నిమిషానికే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. గాలి కోసం ఆయన ఎంత లోతుగా పీలిస్తే అంత బిగుసుకుపోయింది. పెదాలు నల్లబడ్డాయి. నేను వేలెడు దూరంలో ఉన్నాను. అయినా చెయ్యి జేబు దాకా రాలేదు. నలభైమంది చూస్తున్నారు కదా!

"చూశారా, కుండలిని లేస్తోంది!" అన్నారు కార్పొరేటర్. జనం చప్పట్లు కొట్టారు.

మూడో వరసలోంచి ఎలీషమ్మ గారు లేచారు. ఆవిడ రోజూ క్లాసుకొచ్చే శిష్యురాలు, రిటైరైన ఊపిరితిత్తుల డాక్టరు. గబగబా వేదికెక్కి, ఆయన జేబులోంచి నన్ను లాగారు.

"నోరు తెరవండి మాస్టారూ. పరువు సంగతి తర్వాత చూసుకుందాం. ట్యాంకు వెనక మీ దగ్గూ, దీని చప్పుడూ ఆర్నెల్లుగా వింటన్నా."

నాలుగైదుసార్లు పీల్చాక మనిషి తేరుకున్నారు. తలవంచుకుని అడిగారు: "అంత గట్టిగా పీల్చినా ఆయాసం వదల్లేదేంటండీ?"

"ఊపిరి గొట్టాల చుట్టూ సన్నటి కండరకణాలుంటాయండీ. మామూలు మనిషి గట్టిగా పీలిస్తే అవి సాగి మెత్తబడతాయి. ఉబ్బసం ముదిరినప్పుడు ఆ సాగదీతకి లొంగవు, పిడికిలి బిగించినట్టు పట్టేస్తాయి. ఈ మందు ఆ పిడికిలి విప్పుద్ది, అంతే. లోపలి వాపుకి రోజూ పీల్చేది వేరే ఉంది, రాసిస్తాను."

మర్నాడు ఎవరూ రారనుకున్నారు గురువుగారు. అందరూ వచ్చారు, కార్పొరేటర్ గారు కూడా. ఆయన నన్ను తీసి వేదిక మీద పెట్టి, "నాకు ఉబ్బసం అండి, ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను" అన్నారు.

వెనక వరసలో ఒక సంచి జిప్పు చప్పుడైంది. ఇంకొకటి. కొంగు ముడుల్లోంచి, కళ్లజోడు పెట్టెల్లోంచి మా వాళ్లు తొమ్మిదిమంది బయటపడ్డారు. ఒకటి కార్పొరేటర్ గారి కండువాలోంచి.

ఎలీషమ్మ గారు నవ్వలేదు. "ఇది సరిగ్గా పీల్చడం మీలో సగంమందికి రాదు. రేపట్నించి నేర్పుతాను, ఆరింటికల్లా రండి."

మర్నాడు ఐదున్నరకే వచ్చి మొదటి వరసలో కూర్చున్నది మా గురువుగారే, ఊపిరి పీల్చడం నేర్చుకోవడానికి.